నియామకాలు ఎవరివి, ఉత్తరాలు ఎవరివి?
హైదరాబాద్ రాజ్యపు చివరి యుద్ధకాల పాలనపై ఒక సమీక్ష

ఏటా సెప్టెంబరు 17 దగ్గరపడేసరికి తెలంగాణలో ఒక తగవు లేస్తుంది. ఆ రోజును 2022లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినంగా జరిపింది. అదే ఏడు రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. 2024లో అధికారంలో ఉన్నవారు ప్రజాపాలన దినోత్సవం అన్నారు. పేర్ల తగవు రాజకీయ పార్టీలది, దాన్ని వాళ్లకే వదిలేద్దాం. దాని అడుగున ఇంతకంటే గట్టి ప్రశ్న ఒకటుంది. 1947 చివరి నుంచి 1948 సెప్టెంబరు దాకా హైదరాబాద్ రాజ్యాన్ని నిజంగా నడిపింది ఎవరు? ఆ తర్వాతి పదిహేను నెలలు మిలిటరీ గవర్నర్ పేరున నడిచిన పాలనలో ఎవరి చేయి ఎక్కడిదాకా చేరింది?

డెబ్బై అయిదేళ్లకు పైగా సాగుతున్న చర్చ ఇది. ఇందులో పెద్ద భాగం ఉత్తరాల చుట్టూ తిరిగింది. ఢిల్లీకి ఏం రాశారు, కరాచీ నుంచి ఏం వచ్చింది, పారిస్‌లో ఏం చదివారు అన్నదే చర్చ. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. అక్కడి జనానికి తగిలింది ఉత్తరం కాదు, నియామకం. ఏ అమీను వచ్చాడు, ఏ తహసీల్దారు పోయాడు, పట్వారీ ఎవరు అన్నవే వాళ్ల బతుకును తిప్పాయి. ఈ సమీక్ష ఆ వైపు మొగ్గుతుంది.

అధ్యక్షుడనే పదవి

హైదరాబాద్‌లో సదర్-ఎ-ఆజం అనే పదవికి ఇంగ్లీషు కాగితాల్లో ఉన్న హోదా కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడు. 1919లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ మండలిని ఏర్పాటు చేసి సర్ అలీ ఇమామ్‌ను మొదటి అధ్యక్షుడిగా పెట్టాడు. 1926 నుంచి 1937 దాకా మహారాజా కిషన్ పర్షాద్, తర్వాత 1941 దాకా సర్ అక్బర్ హైదరీ, ఆపైన ఛత్తారీ నవాబు ఆ కుర్చీలో కూర్చున్నారు. 1946 ఆగస్టులో మీర్జా ఇస్మాయిల్ వచ్చాడు. ఏడాది తిరగకుండానే ఆయన పోయి మళ్లీ ఛత్తారీ వచ్చాడు.

పేరు అధ్యక్షుడే గానీ, ఆ కుర్చీకి ఎన్నిక లేదు, దాని కాలమూ నిజాం దయ మీదే. ఫర్మానా రాసేది నిజాం. సైన్యాధిపతి నియామకం నిజాంది. 1947కు ముందు పెద్ద పదవులన్నిటి వెనుకా రెసిడెంటు నీడ ఉండేది. ఇంగ్లీషువాళ్లు పోయాక ఆ నీడ ఖాళీ చేసిన చోటును ఆక్రమించింది ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు ఖాసిం రజ్వీ. 1947 అక్టోబరు 27న ఢిల్లీకి వెళ్లబోతున్న రాయబారుల ఇళ్లను గుంపులు చుట్టుముట్టాయి. ఛత్తారీ రాజీనామా ఇచ్చాడు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ రోజుల్లోనే పదవికి వచ్చినవాడు మీర్ లాయక్ అలీ.

చదువుకు ఇంజనీరు, వృత్తికి పారిశ్రామికవేత్త. అదే ఏడు ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ ప్రతినిధి బృందంలో కూర్చుని వచ్చినవాడు. ఆయన నియామకాన్నే ఢిల్లీ ఒక జవాబుగా చదువుకుంది.

బయటికి పోయిన కాగితాలు

లాయక్ అలీ పాలనలో మనకు బాగా తెలిసినది ఆయన ఉత్తరప్రత్యుత్తరాలే. కారణం సులువు, రెండో ప్రతులు ఢిల్లీలో ఉన్నాయి. 1948 జనవరిలో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా కె.ఎం. మున్షీ హైదరాబాద్‌కు వచ్చాడు. నిజాం రాజ్యాంగ సలహాదారు వాల్టర్ మాంక్టన్ ఢిల్లీ, హైదరాబాద్‌ల మధ్య తిరిగాడు. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల సెక్యూరిటీలు అప్పుగా ఇవ్వడం మీద, భారత కరెన్సీ చలామణిని కట్టడి చేసిన ఆర్డినెన్సు మీద, సరుకుల దిగ్బంధం మీద, సరిహద్దు దాడుల మీద కాగితాలు పోయాయి, వచ్చాయి. జూన్‌లో మౌంట్‌బాటన్ చివరి ప్రయత్నం విఫలమైంది. 21న ఆయన దేశం వదిలాడు.

రహస్యంగా నడిచిన పని వేరే ఉంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు తెచ్చి బీదర్, వరంగల్ విమానాశ్రయాల్లో దించాడు. జనగామకూ మానుకోటకూ అంత దగ్గరలో, వరంగల్ విమానాశ్రయం ఉన్న మామునూరు నేల మీద, అంతర్జాతీయ ఆయుధ వ్యాపారం నడిచిందన్నమాట. ఆగస్టు 21న హైదరాబాద్ భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. మొయిన్ నవాజ్ జంగ్ బృందం పారిస్‌లో వాదన వినిపించింది సెప్టెంబరు 16న. అప్పటికి పోలీసు చర్య పేరున భారత సైన్యం లోపలికి వచ్చి మూడు రోజులైంది. మర్నాడు లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. 18న సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు.

యుద్ధకాలపు అధ్యక్షుడి దినచర్య అనగానే చరిత్రకారులకు గుర్తుకొచ్చేది అబ్రహాం లింకన్. ఉద్యోగాలడిగేవాళ్లు పొద్దుటి నుంచీ ఆయన గది ముందు బారులు తీరేవారు. సాయంత్రమైతే ఆయన యుద్ధశాఖ టెలిగ్రాఫ్ గదికి నడిచి వెళ్లి సేనానుల తంతులు తానే చదివేవాడు. మెక్లెలన్‌ను తీసేశాడు, బర్న్‌సైడ్‌ను పెట్టాడు, హుకర్‌ను, మీడ్‌ను చూశాడు, 1864 మార్చిలో గ్రాంట్ దగ్గర ఆగాడు. నియామకమూ సైనిక ఉత్తరమూ అక్కడ ఒకే చేతిలో ఉన్నాయి. ఉత్తరానికి జవాబు నచ్చకపోతే సేనాని మారతాడు. లాయక్ అలీకి ఉత్తరం రాసే చేయి ఉంది. సేనానిని మార్చే చేయి లేదు. పోలికకు ఇంతకుమించి బలం లేదు. లింకన్ ఎన్నికైనవాడు, ఈయన కాదు.

లోపలి నియామకాలు

మంత్రివర్గాన్ని చూస్తే పైకి అన్ని వర్గాలూ కనిపిస్తాయి. ఓరుగల్లు ప్రాంతపు పింగళి వెంకటరామారెడ్డి ఉప ప్రధాని. దళిత నాయకుడు బి.ఎస్. వెంకటరావు మంత్రి. జె.వి. జోషి మరో మంత్రి. జోషి పదవి వదిలేస్తూ రాసిన లేఖ ఈ చర్చలో చాలాసార్లు తిరగేసిన కాగితం. పర్భణీ, నాందేడ్ జిల్లాల్లో, ముఖ్యంగా లోహాలో, తాను చూసిన విధ్వంసాన్ని ఆయన అందులో రాశాడు. మంత్రి స్థానంలో ఉన్నవాడికే ఆ దాడులను ఆపే దారి దొరకలేదన్నది ఆ లేఖ చెప్పకుండానే చెబుతుంది.

రాజధానిలోనే మూడు దారాలు వేరువేరుగా సాగాయి. పోలీసు పెద్ద దీన్ యార్ జంగ్ నిజాంకు దగ్గరివాడు. సైన్యం ఎద్రూస్‌ది. రజాకార్లు రజ్వీవాళ్లు. మంత్రివర్గంలో ఇత్తెహాద్ మనుషులు ఉన్నారు గనుక రజ్వీ మాట లోపలికీ పోయేది. లాయక్ అలీ సంతకం ఈ మూడింటిలో దేన్నీ పూర్తిగా పట్టుకోలేదు.

ఇక కిందికి దిగుదాం. జనగామ, మానుకోట, భూపాలపల్లి అనే ఇప్పటి మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న పుట్టినవి. అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. దాని ఫైలు మెదక్ సుబాకు పోయేది. మానుకోట తాలూకా వరంగల్ జిల్లాది, వరంగల్ సుబాది. భూపాలపల్లి చుట్టూ అడవి, గోదావరి, కోయగూడేలు. పక్కపక్కన ఉన్న ఊళ్లకు పాలన దారి వేరు. కమ్యూనిస్టులు నడిపిన సంఘం దళాలకు మాత్రం ఆ గీతలు లేవు.

సుబేదారు, అవ్వల్ తాలూక్దారు, తహసీల్దారు, గిర్దావరు, అమీను. ఇది సర్కారు నిచ్చెన. దాని చివరి మెట్టు కింద వంశపారంపర్యపు మరో నిచ్చెన ఉంది. మాలీపటేల్, పోలీసుపటేల్, పట్వారీ, వాళ్ల మీద దేశ్‌ముఖు గడీ. వీళ్లను సదర్-ఎ-ఆజం వేయలేదు, తీయలేడు. లెవీ ధాన్యం ఎవరింట్లో కొలవాలి, వెట్టికి ఎవరిని పిలవాలి, భూమి ఏ పేరున ఎక్కించాలి అన్నవన్నీ ఈ మెట్టు మీదే తేలేవి. మానుకోట ప్రాంతపు చిన్నగూడూరు నుంచి వచ్చిన దాశరథి రంగాచార్య తన ‘చిల్లర దేవుళ్లు’ నవలకు ఆ పేరు పెట్టింది వీళ్లను చూసే. రాజధాని కాగితాల మీద ఆధారపడిన చరిత్రలకంటే ఆ నవల ఈ విషయంలో సూటిగా ఉంది.

మూడు తేదీలు పక్కపక్కన పెడితే సంగతి తేటపడుతుంది. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అప్పుడు అధ్యక్షుడు ఛత్తారీ. 1947 సెప్టెంబరు 2న భూపాలపల్లి దారిలోని పరకాలలో జెండా ఎత్తడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. అప్పుడూ ఛత్తారీయే, రెండోసారి వచ్చి ఉన్నాడు. 1948 ఆగస్టు 27న జనగామ వైపు బైరాన్‌పల్లి మీద రజాకార్లు, సర్కారు బలగాలు విరుచుకుపడ్డాయి. అంతకుముందు దాడులను బురుజు మీద నుంచి తిప్పికొట్టిన ఊరది. ఈసారి నిలవలేదు. అప్పుడు అధ్యక్షుడు లాయక్ అలీ. మెతకవాడని పేరున్న అధ్యక్షుడి కాలంలోనూ తుపాకీ పేలింది, మొండివాడని పేరున్న అధ్యక్షుడి కాలంలోనూ పేలింది. తేడా లేదని కాదు. కొమరయ్యను కాల్చింది గడీ తుపాకీ. బైరాన్‌పల్లికి వచ్చింది రజాకార్ల దండు, దాని వెంట సర్కారు తుపాకీ. గడీకి సర్కారు తోడుండటం నుంచి సర్కారే దండుగా మారేదాకా రెండేళ్లు పట్టింది. ఆ మార్పుకు లాయక్ అలీ సంతకం ఎంత కారణం, సంతకం లేకపోవడం ఎంత కారణం అన్నదే వివాదం.

నాలుగు వాదాలు

మొదటిది ఢిల్లీ వాదం. 1948లో వచ్చిన శ్వేతపత్రం, 1956లో వి.పి. మేనన్ పుస్తకం, 1957లో మున్షీ ‘ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా’ దీనికి మూలాలు. ఇందులో లాయక్ అలీ రజ్వీ చేతి మనిషి, ఆయన ఉత్తరాలు కాలయాపన కోసం రాసినవి. మేనన్ దగ్గర కాగితాలున్నాయి, కథ చెప్పే నేర్పుంది. అయితే గెలిచినవాళ్లు గెలిచిన పదేళ్లలోపు రాసుకున్నవి ఇవి. పల్లె వీటిలో సాక్ష్యంగా వస్తుంది గానీ పాత్రగా రాదు.

రెండోది ఓడినవాళ్ల వాదం. గృహనిర్బంధంలో ఉన్న లాయక్ అలీ 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. 1962లో ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ అచ్చయింది. తాను సంధికి సిద్ధంగా ఉన్నానని, సైన్యం ఆదుకోలేదని ఆయన మొర. ఎద్రూస్ జ్ఞాపకాలు 1994లో వచ్చాయి. ఆయుధాలు లేని సైన్యంతో ఏం చేయమంటారన్నది ఆయన మొర. యుద్ధకాలపు అధ్యక్షుడూ సేనానీ పుస్తకాల్లో కూడా ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకోవడం చూస్తే, ఆ పది నెలలూ వాళ్ల మధ్య మాట ఎలా నడిచిందో ఊహించుకోవచ్చు. ఎ.జి. నూరానీ 2013లో రాసిన పుస్తకం ఈ వాదానికి దగ్గరగా నడుస్తూనే రజ్వీనీ లాయక్ అలీనీ వదలదు. పటేల్, మున్షీల తొందరను గట్టిగా ప్రశ్నిస్తుంది.

మూడోది కమ్యూనిస్టులది. ఇది ఒకే గొంతు కాదు. 1972లో పుచ్చలపల్లి సుందరయ్య రాసిన దాని ప్రకారం 3 వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, 10 లక్షల ఎకరాలు పంచారు, 4 వేల మంది పార్టీ కార్యకర్తలు, రైతు యోధులు ప్రాణాలిచ్చారు. ఆయన దృష్టిలో భారత సైన్యం వచ్చింది నిజాంను లొంగదీయడానికి ఎంతో, సంఘాన్ని అణచడానికి అంతకంటే ఎక్కువ. మరుసటి ఏడు పుస్తకం వేసిన రావి నారాయణరెడ్డి, సైన్యం వచ్చాక పోరాటం ఆపి ఉండాల్సిందన్నాడు. 1948 మేలో లాయక్ అలీ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేయడం ఈ శిబిరానికి ఇబ్బందికరమైన కాగితం. ఢిల్లీ దాన్ని రజాకార్లకూ కమ్యూనిస్టులకూ పొత్తుగా చూపింది. జనగామ పల్లెల్లో మాత్రం ఆ మే తర్వాతా కొట్లాట ఆగలేదు, బైరాన్‌పల్లి జరిగింది ఆగస్టులోనే. రాజధానిలో పడిన సంతకం తాలూకాకు చేరలేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నాలుగోది విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినది. 1950లోనే విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను చర్చకు తెచ్చాడు. 2000లో లూసియన్ బెనిషూ నిరంకుశత్వం తనను తాను సంస్కరించుకోలేకపోవడాన్ని విశ్లేషించాడు. టేలర్ షెర్మన్ 2015లో ఉద్యోగాలు పోయిన ముస్లింల గురించి, సునీల్ పురుషోత్తం 2021లో హింసకూ సార్వభౌమత్వానికీ ఉన్న ముడి గురించి రాశారు. నియామకాల ప్రశ్నను నేరుగా పట్టుకున్నది ఈ చివరి తరమే. వీళ్ల చూపు ఎక్కువగా మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల మీద పడింది. మారణకాండ అక్కడే ఎక్కువ గనుక అది సహజమే.

కలిపి చూస్తే, మొదటి రెండు వాదాలకు సదర్-ఎ-ఆజం నాయకుడో ప్రతినాయకుడో కావాలి. మూడోదానికి ఆయన లెక్కలోకే రాడు, నిజాం ఒక్కడే చాలు. నాలుగోది మనిషిని వదిలి యంత్రాన్ని చూస్తుంది. నాకు నాలుగోదాని పద్ధతి నచ్చుతుంది, మూడోదాని చూపు నచ్చుతుంది. మేనన్ కాగితాలు లేకపోతే ఈ రెండూ గాలిలో తేలతాయని కూడా ఒప్పుకోవాలి.

చౌదరి బల్ల

1948 సెప్టెంబరులో నిజాం ఫర్మానాతోనే అధికారం మిలిటరీ గవర్నర్ చౌదరి చేతికి వచ్చింది. లాయక్ అలీకి లేనిది ఈయనకు ఉంది. సైన్యం, నియామకం, శాసనం మూడూ ఒకే బల్ల మీదికి వచ్చాయి. డి.ఎస్. బాఖ్లే ముఖ్య పౌర పాలకుడు. మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుంచి అధికారులు దిగారు. నల్లగొండ, వరంగల్ జిల్లాలకు ప్రత్యేక కమిషనర్‌గా నంజప్ప వచ్చాడు. జనగామనూ మానుకోటనూ ఒకే అధికారి కింద పెట్టిన మొదటి ఏర్పాటు ఇదే కావచ్చు. సంఘం ఎప్పుడో చెరిపేసిన గీతను సర్కారు అప్పుడు చెరిపింది.

చౌదరి రెగ్యులేషన్లతో ఏర్పడిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరో ముఖ్యమైన నియామకం. న్యాయమూర్తులను వేసేదీ, సైన్యాన్ని నడిపేదీ ఒకే అధికారం. ఇవి రజ్వీనీ విచారించాయి, సంఘం వాళ్లనూ విచారించాయి. జనగామ నాయకుడు నల్లా నరసింహులు ఉరిశిక్ష పడ్డవాళ్లలో ఒకడు, తర్వాత బతికి బయటపడ్డాడు. మరికొందరి ఉరిశిక్షల మీద జనార్దనరెడ్డి కేసు 1951లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. రాజ్యాంగం అమలుకు ముందే హైదరాబాద్ హైకోర్టు తేల్చిన తీర్పుల మీద అప్పీలు వినలేమని కోర్టు చెప్పింది. ఒక్క తేదీకి, 1950 జనవరి 26కి, అటు పడ్డవాళ్లకూ ఇటు పడ్డవాళ్లకూ అంత తేడా.

మరోవైపు 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. ఇది చిన్న పని కాదు. అయినా దేశ్‌ముఖు పట్టాలు జాగీర్లు కావు, పట్వారీ దస్త్రాలు చేతులు మారలేదు. సైన్యం వెనకే దొరలు టోపీలు మార్చుకుని గడీలకు తిరిగొచ్చారని కమ్యూనిస్టులు అంటారు. కొత్త సర్కారుకు భూమి లెక్క తెలిసిన మనిషి ఊళ్లో పట్వారీ ఒక్కడే అని పాలకుల వైపు జవాబు. రెండూ నిజమే అయ్యే వీలుంది. పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది 1984 జనవరిలో, ఎన్.టి. రామారావు ప్రభుత్వ ఆర్డినెన్సుతో. నిజాం, సదర్-ఎ-ఆజం, మిలిటరీ గవర్నర్, రాజ్‌ప్రముఖ్ అందరూ పోయిన చాలాకాలానికి.

బయటి అధికారుల రాక మరో కథకు మొదలైంది. ఉద్యోగాలన్నీ గైర్ ముల్కీలకే పోతున్నాయన్న కోపం 1952లో వరంగల్‌లో రాజుకుని హైదరాబాద్‌ను తాకింది. ఆ ఏడు సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. మిలిటరీ పాలన నియామకాలకు వచ్చిన మొదటి బాహాటమైన జవాబు అదే.

తేలనివి

ఇంకా ముడి వీడనివి మూడున్నాయి. ఒకటి, పల్లె దాడులకు ఆజ్ఞ ఎవరిది? రజ్వీదా, స్థానిక అమీనుదా, గడీదా? జిల్లాకో జవాబు ఉండవచ్చు, తాలూకాకో జవాబు కూడా ఉండవచ్చు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉర్దూ దస్త్రాలు ఉన్నాయి. ఉర్దూ, తెలుగు, రెండూ చదివే పరిశోధకులు తాలూకా స్థాయికి దిగితే తప్ప ఇది కదలదు.

రెండోది లెక్క. 1948 చివర తిరిగిన సుందర్‌లాల్ బృందం పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లదని చెప్పింది. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు. తెలంగాణ తాలూకాల్లో మృతుల లెక్క ఇరువైపులా వేరు పుస్తకాల్లో ఉంది. రజాకార్ల చేతిలో పోయినవాళ్లది ఒకచోట, సైన్యం చేతిలో పోయినవాళ్లది మరోచోట, ముస్లింలది ఇంకోచోట. ఒకే ఊరికి మూడు జాబితాలూ కలిపి చూసిన పని అరుదు.

మూడోది అడవి. 1948 చివరి నుంచి దళాలు మైదానం వదిలి మానుకోట, ములుగు, భూపాలపల్లి, ఇల్లెందు, పాల్వంచ అడవులకు మళ్లాయి. వాటికి అన్నం పెట్టే దారి తెంచడానికి సైన్యం కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని కాపలా ఉన్న శిబిరాలకు తరలించింది. మలయాలో బ్రిటిష్ సేనాని బ్రిగ్స్ పేరున నడిచిన పథకానికి ఇది దగ్గర. చౌదరి 1949 చివర వెళ్లిపోయాడు, పౌర అధికారి వెల్లోడి వచ్చాడు, పోరాట విరమణ ప్రకటన 1951 అక్టోబరు 21న వచ్చింది. కొన్ని నెలలకే జరిగిన మొదటి ఎన్నికల్లో వరంగల్ లోక్‌సభ స్థానాన్ని జనగామ వైపు చిన్నపెండ్యాలకు చెందిన పెండ్యాల రాఘవరావు గెలిచాడు. మైదానపు పల్లెలు ఓటుతో మాట్లాడాయి, ఆ ఫలితం గెజెట్‌లో ఉంది. గూడేలు ఖాళీ అయినప్పుడు పోడు పొలాలు ఎవరి దున్నకంలోకి వెళ్లాయి, అటవీశాఖ గీతలు ఎక్కడికి జరిగాయి అన్న ప్రశ్నను ఈ నాలుగు వాదాల్లో ఏదీ ఇంకా సరిగా అడగలేదు.